రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడదు: మనిషి బరువుకు తగ్గట్టు బండి సస్పెన్షన్ సర్దుబాటు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మోటార్ సైకిల్ పూటకో బరువు మోస్తుంది. పొద్దున్న ఒక్క మనిషితో టౌనుకు బయల్దేరిన బండే సాయంత్రానికి వెనక భార్యతో, మధ్యలో పిల్లతో, ట్యాంకు మీద సరుకుల సంచితో ఇంటికి చేరుతుంది. ఉద్దానంలో దాని వెనక కొబ్బరికాయల బస్తా ఉంటుంది. పాలకేంద్రం దారిలో అయితే చెరో పక్కన ఒక క్యాను వేలాడుతుంది. ఇన్ని బరువులకూ ఉన్నది ఒకే జత స్ప్రింగులు.

అందుకే మెకానిక్ షెడ్డుల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: ‘వెనక కొడుతోంది, కాస్త హార్డ్ చెయ్యి’. వెనక షాక్ అబ్జార్బర్ కింద ఉండే రింగు రెండు మెట్లు తిరుగుతుంది. వారం తర్వాత అదే బండి ఒంటరి ప్రయాణంలో సీటు ఎత్తేస్తోందని మళ్లీ వస్తుంది. ఈసారి ‘సాఫ్ట్’ చేయమంటారు. హార్డ్, సాఫ్ట్ అనే ఈ రెండు మాటలతోనే గందరగోళం మొదలవుతుంది. ఆ రింగు చేసే పని వేరు, చేస్తుందని అనుకునే పని వేరు.

క్లుప్తంగా

స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచడాన్ని ప్రీలోడ్ అంటారు. ఆ పని చేసే ప్రీలోడ్ రింగు స్ప్రింగు బలాన్ని మార్చదు, బండి నిలబడే ఎత్తును మారుస్తుంది. సర్దుబాటుకు ముందు టేపుతో కుంగుడు కొలవాలి. బండి ఒక్కటే ఉన్నప్పుడు ఎంత దిగింది, మనిషి ఎక్కాక ఎంత దిగింది అనే రెండు అంకెలు పక్కపక్కన పెడితే స్ప్రింగు సరిపోతుందో లేదో తెలుస్తుంది. మనిషి బరువులో 20, 30 కిలోల తేడాను రింగు సర్దగలదు. రోజూ మోసే భారీ లోడును సర్దలేదు, దానికి స్ప్రింగే మారాలి.

స్ప్రింగు మోస్తుంది, ఆయిలు ఆపుతుంది

షాక్ అబ్జార్బర్‌లో రెండు వేర్వేరు పనులు చేసే భాగాలు ఒకదానిలో ఒకటి కూర్చుని ఉంటాయి. బయటి స్ప్రింగు బరువు మోస్తుంది, గోతి దెబ్బను తనలో దాచుకుంటుంది. దాచుకున్నది తిరిగి ఇచ్చేయడం దాని స్వభావం. లోపలి గొట్టంలో పిస్టన్, ఆయిలు ఉంటాయి. సన్నని రంధ్రాల గుండా ఆయిలు నెమ్మదిగా దూరడం వల్ల స్ప్రింగు తిరిగి ఇచ్చే శక్తి వేడిగా మారిపోతుంది. దీన్నే డ్యాంపింగ్ అంటారు.

ఈ రెండూ వేరని తెలిస్తే సగం తప్పులు తప్పుతాయి. ఆయిలు కారిపోయిన షాక్‌కు రింగు ఎంత తిప్పినా ఊగడం ఆగదు. స్ప్రింగు చాలని బండికి కొత్త ఆయిలు పోసినా అడుగు కొట్టడం ఆగదు. ముందు తేల్చుకోవాల్సింది ఏది పాడైందన్నది. సీటు వెనక భాగాన్ని రెండు చేతులతో గట్టిగా నొక్కి ఒక్కసారిగా వదిలితే, ఆరోగ్యంగా ఉన్న షాక్ పైకి వచ్చి ఒక చిన్న ఊపుతో నిలిచిపోతుంది. రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఆడిందంటే డ్యాంపర్ పని అయిపోయినట్టే. అలాంటి బండికి బరువు లెక్కలు చూసి లాభం లేదు.

అంతకంటే ముందు చూడాల్సింది టైర్లలో గాలి. గాలి తగ్గిన టైరు మెత్తని స్ప్రింగులా నటిస్తుంది, ఎక్కువైన టైరు గట్టి స్ప్రింగులా. చైన్ కవరు మీదో, వెనక చక్రాన్ని ఫ్రేముకు కలిపే స్వింగ్ ఆర్మ్ మీదో ఉండే స్టిక్కర్లో ఒంటరికి ఒక అంకె, ఇద్దరికి మరో అంకె ఉంటాయి. చల్లగా ఉన్న టైరులో అంత గాలి పట్టించాకే మిగతా పని మొదలుపెట్టాలి.

రింగు నిజంగా చేసేది

వెనక షాక్ కింద మెట్లు మెట్లుగా కోసిన రింగు ఉంటుంది. హీరో స్ప్లెండర్ ప్లస్, హోండా షైన్ లాంటి బండ్లలో అలాంటి మెట్లు 5. పై మెట్టుకు తిప్పితే స్ప్రింగు అడుగు భాగం కొన్ని మిల్లీమీటర్లు పైకి జరుగుతుంది. చూడ్డానికి స్ప్రింగు నొక్కుకుపోయినట్టు, గట్టిపడినట్టు ఉంటుంది.

ఒక ఉదాహరణ చూస్తే విషయం తేలిపోతుంది. ఒక మిల్లీమీటరు నొక్కడానికి 2 కిలోల బరువు కావాల్సిన స్ప్రింగు ఉందనుకుందాం. దాన్ని ముందే 10 మి.మీ. నొక్కి పెడితే, అది కదలడానికి తొలి 20 కిలోలు కావాలి. ఆ తర్వాత ప్రతి మిల్లీమీటరుకూ మళ్లీ అదే 2 కిలోలు. బలం మారలేదు, మొదలయ్యే చోటు మారింది. పైన బరువు అంతే ఉంటే స్ప్రింగు చివరికి నిలబడే పొడవు కూడా అంతే. దాని కింది ఆధారం పైకి జరిగింది కాబట్టి షాక్ ఆ మేరకు సాగి, బండి వెనక భాగం లేస్తుంది.

మరి ఒంటరిగా నడిపేటప్పుడు సీటు ఎత్తేస్తున్నట్టు ఎందుకుంటుంది? ప్రీలోడ్ ఎక్కువైతే షాక్ దాదాపు పూర్తిగా సాగి నిలబడుతుంది. చక్రం గోతిలోకి దిగాలంటే కిందికి సాగే చోటు ఉండదు. గోతి వచ్చినప్పుడు చక్రానికి బదులు బండే కిందికి పడుతుంది, అవతలి అంచు ఎక్కేటప్పుడు సీటు ఎగదన్నుతుంది. నడిపేవారికి అది గట్టితనంగా తెలుస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. రోజువారీ పనులకు వాడే కమ్యూటర్ బండ్ల స్ప్రింగుల్లో చాలావాటికి ఒక చివర చుట్లు దగ్గరదగ్గరగా, మరో చివర ఎడంగా ఉంటాయి. బరువు పడేకొద్దీ దగ్గరి చుట్లు ముందు ఒకదానికొకటి తగిలి పని మానేస్తాయి, మిగిలిన చుట్లు గట్టిగా పనిచేస్తాయి. అలాంటి స్ప్రింగును రింగుతో బాగా నొక్కితే, దగ్గరి చుట్లు మూసుకున్న మేరకు గట్టితనం కాస్త పెరుగుతుంది. అప్పుడు కూడా ఎత్తులో వచ్చే మార్పే ప్రధానం.

100 మిల్లీమీటర్లలో మిగిలేది ఎంత

వెనక చక్రం మొత్తం 100 మి.మీ. కదిలే ఒక 100 సీసీ బండిని లెక్కకు తీసుకుందాం. చక్రం దగ్గర చూస్తే రెండు స్ప్రింగుల ఉమ్మడి బలం మిల్లీమీటరుకు 2 కిలోలు. రింగు రెండో మెట్టులో ఉంది. బండి తన బరువుకే 10 మి.మీ. దిగింది. ఇవి నమూనా అంకెలు, పద్ధతి మాత్రం ఏ బండికైనా ఒకటే.

నడిపే మనిషి బరువు 65 కిలోలు. ఆ సీటులో కూర్చుంటే అందులో సుమారు 65 శాతం, అంటే 42 కిలోలు వెనక చక్రం మీద పడుతుంది. 42ని 2తో భాగిస్తే 21 మి.మీ. మొత్తం కుంగుడు 31. చక్రం పైకి కదలడానికి ఇంకా 69 మి.మీ. మిగిలింది. ఇది ఆరోగ్యకరమైన స్థితి.

అదే సీటులో 95 కిలోల మనిషి కూర్చుంటే అదనపు 30 కిలోల్లో దాదాపు 20 వెనక్కు వెళ్తాయి. మరో 10 మి.మీ. దిగుతుంది. మెట్టుకు 4, 5 మి.మీ. లేచే రింగు అయితే రెండు మెట్లతో మళ్లీ 31 దగ్గరకు వస్తుంది. మనిషి బరువులో తేడాను సర్దడానికే ఆ రింగు ఉంది, ఆ పని చక్కగా చేస్తుంది.

ఇప్పుడు 65 కిలోల మనిషి వెనక 60 కిలోల మనిషి ఎక్కితే? వెనక సీటు దాదాపు ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి ఆ బరువులో 95 శాతం, అంటే 57 కిలోలు వెనక చక్రానిదే. 28 మి.మీ. అదనం, మొత్తం 59. రింగులో మిగిలిన మూడు మెట్లూ ఎక్కిస్తే 12 నుంచి 15 తగ్గి 45 దగ్గర ఆగుతుంది. భరించవచ్చు.

పాల క్యాన్ల లెక్క ఇంకా బరువైనది. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలకు పైన తూగుతాయి. రెండు క్యాన్లు, వాటి సొంత బరువు కలిపితే 95 కిలోల దరిదాపు. అవి ఇరుసు పక్కనే వేలాడతాయి కాబట్టి బరువంతా వెనక్కే. సుమారు 48 మి.మీ. అదనం, మొత్తం 79. మిగిలింది 21. వెనక ఒక మనిషి, మధ్యలో 25 కిలోల పిల్ల, ఒక సంచి ఉన్నా లెక్క దాదాపు ఇంతే. అయితే 1988 మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం నడిపే వ్యక్తి కాక ఒక్కరినే ఎక్కించుకోవాలి.

21 మి.మీ. అంటే బొటనవేలి వెడల్పు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా ఉంటుంది, 25 కి.మీ. వేగంతో దాటడానికి పనికొస్తుంది. ఊళ్లలో రోడ్డుకు అడ్డంగా పోసే సన్నని సిమెంటు దిమ్మెకు ఆ వెడల్పు ఉండదు. చక్రం అంతే ఎత్తుకు క్షణంలో లేవాలి. మిగిలిన 21 మి.మీ. అయిపోగానే షాక్ లోపలి రబ్బరు ఆపు తగులుతుంది. అక్కడి నుంచి దెబ్బంతా ఫ్రేముకు, షాక్ బిగించిన బోల్టులకు, చక్రపు రిమ్ముకు, కూర్చున్నవారి వెన్నుకు పంపిణీ అవుతుంది. రిమ్ము వంగడం, వెల్డింగు దగ్గర పగులు రావడం, షాక్ చివర బోల్టు దూరే కంటిలోని రబ్బరు బుష్ చీలడం ఇలాగే మొదలవుతాయి.

టేపుతో కొలిచే పద్ధతి

దీనికి కావాల్సింది ఒక టేపు, ఒక మార్కర్, ఇద్దరు సహాయకులు, చదునైన నేల. ట్యాంకు సగం నిండి ఉంటే మేలు.

బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి వెనక చక్రం గాలిలో వేలాడేలా చూడాలి. ఇరుసు నట్టు మధ్య నుంచి నిట్టనిలువుగా పైన, సైడ్ ప్యానెల్ మీదో, వెనక కూర్చునేవారు పట్టుకునే గ్రాబ్ రైల్ దగ్గరో ఒక గుర్తు పెట్టి దూరం కొలవాలి. ఇది మొదటి కొలత, 520 మి.మీ. అనుకుందాం. సెంటర్ స్టాండ్ లేని బండిని ఇద్దరు సైడ్ స్టాండ్ మీదకు జాగ్రత్తగా వాల్చి చక్రాన్ని నేల నుంచి లేపాలి, మూడో మనిషి కొలవాలి.

రెండోది, స్టాండ్ తీసి బండిని నిటారుగా పట్టుకుని, ఎవరూ ఎక్కకుండా తీసే కొలత. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. రబ్బరు సీళ్లు, బుష్‌ల రాపిడి వల్ల షాక్ ఒకేచోట నిలబడదు. అందుకని సీటును కిందికి నొక్కి మెల్లగా పైకి రానిచ్చి ఒకసారి, పైకి లాగి మెల్లగా దిగనిచ్చి ఇంకోసారి కొలిచి సగటు తీసుకోవాలి. 508, 512 వస్తే సగటు 510. ఈ రెండింటి తేడా 10 మి.మీ. దాటితే బుష్‌లు ఎండిపోయినట్టో, రాడ్డు వంగినట్టో అనుమానించాలి. ముందు దాని సంగతి చూడాలి.

మూడో కొలతకు నడిపే మనిషి రోజూ వేసుకునే బట్టలు, చెప్పులు, హెల్మెట్, బ్యాగుతోనే ఎక్కాలి. రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద ఉండాలి, నేల తాకకూడదు. ఒకరు ముందు నుంచి హ్యాండిల్ పట్టుకుంటే మరొకరు మళ్లీ రెండుసార్లు కొలిచి సగటు కట్టాలి. 489 వచ్చిందనుకుందాం.

520 నుంచి 510 తీసేస్తే 10, ఇది బండి సొంత కుంగుడు. 520 నుంచి 489 తీసేస్తే 31, ఇది మనిషితో కుంగుడు. రోడ్డు మీద తిరిగే బండికి వెనక మనిషితో కుంగుడు మొత్తం కదలికలో 28 నుంచి 35 శాతం, సొంత కుంగుడు 5 నుంచి 15 మి.మీ. ఉంటే బాగున్నట్టు లెక్క. ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాల ఫోర్కుకు సొంత కుంగుడు 20 నుంచి 30, మనిషితో 30 నుంచి 40 మి.మీ. వరకు ఉండవచ్చు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 లాగా 200 మి.మీ. కదలిక ఉన్న బండికి వెనక 60 మి.మీ. కుంగుడు సహజమే. శాతం చూడాలి తప్ప పక్కింటి బండి అంకె చూడకూడదు.

రెండు అంకెలను కలిపి చదవడం

మనిషితో కుంగుడు ఒక్కటే సరిచేసి ఆగిపోవడం అసలు పొరపాటు. రింగుతో ఆ అంకెను ఎవరైనా 31కి తేగలరు. స్ప్రింగు సంగతి బయటపెట్టేది రెండో అంకె.

రింగు ఎక్కించాక మనిషితో 31 వచ్చింది, కానీ బండి సొంత కుంగుడు సున్నా అయిందనుకుందాం. బండి తన బరువుతో స్ప్రింగును కదపలేకపోయిందంటే ప్రీలోడ్ అంతగా పెట్టారు. మనిషి ఎక్కగానే 31 దిగిందంటే స్ప్రింగు ఆ మనిషికి మెత్తన. ఇంకా గట్టి స్ప్రింగు, తక్కువ ప్రీలోడ్ కావాలి.

దీనికి ఎదురు పరిస్థితీ ఉంటుంది. మనిషితో 31 ఉంది, సొంత కుంగుడే 22 ఉంది. మనిషి ఎక్కితే తొమ్మిదే దిగింది. స్ప్రింగు ఆ మనిషికి మరీ గట్టిది. 45, 50 కిలోల యువతులు, విద్యార్థులు బరువైన బండ్లు నడిపేటప్పుడు, లేదా బరువులు మోయడానికి గట్టి స్ప్రింగులు వేయించిన బండిని ఇంట్లో ఇంకొకరు నడిపేటప్పుడు ఇది కనిపిస్తుంది.

రెండు కుంగుళ్ల మధ్య తేడా స్ప్రింగు బలాన్నే చెప్పేస్తుంది. పై ఉదాహరణలో తేడా 21. మనిషి బరువులో వెనక చక్రం మీద పడింది 42 కిలోలు. 42ను 21తో భాగిస్తే మిల్లీమీటరుకు 2 కిలోలు. వెనక చక్రం మీద పడే బరువు కచ్చితంగా కావాలంటే ధాన్యం, జీడిపిక్కలు తూచే కాటా చాలు. కాటా మీద వెనక చక్రం, అంతే ఎత్తున్న దిమ్మె మీద ముందు చక్రం ఉంచి, మనిషి ఎక్కక ముందు, ఎక్కాక తూచాలి. ఆ తేడాయే వెనక్కు పడిన బరువు. పలాస జీడి బట్టీల దగ్గరైనా, రాజాం ధాన్యం కొట్లలోనైనా ఇలాంటి కాటా దొరక్కపోదు.

రింగు తిప్పేటప్పుడు

బండి సెంటర్ స్టాండ్ మీద ఉండాలి, షాక్ మీద బరువు ఉండకూడదు. రింగు గాడుల్లో ఎండిన మట్టిని బ్రష్షుతో తీసి, కాస్త నూనె కొట్టి పది నిమిషాలు ఆగాలి. టూల్‌కిట్‌లో వచ్చే కొక్కెం స్పానరుతోనే తిప్పాలి. సుత్తి, స్క్రూడ్రైవరుతో కొడితే రింగు చెవులు విరుగుతాయి, ఆ తర్వాత ఇంకెప్పుడూ తిరగదు. కుడిపక్క సైలెన్సర్ వేడిగా ఉంటుంది, స్పానర్ జారితే చెయ్యి దానికే తగులుతుంది. బండి చల్లారాక చేయడం మంచిది.

మెట్లు వరుసగా ఎక్కాలి, వరుసగా దిగాలి. ఐదు నుంచి ఒక్కసారిగా ఒకటికి, ఒకటి నుంచి ఐదుకు వెనకదారిన తిప్పితే షాక్ దెబ్బతింటుందని హోండా మాన్యువల్స్ హెచ్చరిస్తాయి. రెండు పక్కలా ఒకే మెట్టు ఉండాలి. ఎడమ మూడు, కుడి రెండు అయితే స్వింగ్ ఆర్మ్ మీద ఎప్పుడూ మెలి పడుతూ, దాని బుష్‌లు ఒకవైపే అరుగుతాయి. అందుకే ఒక పక్క షాక్ కారితే అదొక్కటే కొత్తది వేయించడం కూడా తప్పు. జత మార్చాలి.

బండి రకాన్ని బట్టి

హీరో హెచ్‌ఎఫ్ డీలక్స్‌కు రెండు మెట్లే, ఆక్టివా 6జీకి మూడు, కొత్త క్లాసిక్ 350కి ఆరు. మెట్ల సంఖ్య కన్నా ఒక్కో మెట్టు ఎన్ని మిల్లీమీటర్లు లేపుతుందన్నది ముఖ్యం, అది టేపుతో ఎవరికి వారే తెలుసుకోవచ్చు. వెనక ఒకే షాక్ ఉండి, అది మధ్యలో లింకేజీ అనే మీటల ద్వారా చక్రానికి కలిసే మోనోషాక్‌లో షాక్ ఒక మిల్లీమీటరు కదిలితే చక్రం రెండు, రెండున్నర కదులుతుంది. అక్కడ చిన్న మార్పు కూడా పెద్ద తేడా తెస్తుంది. షాక్ తిరిగి సాగే వేగాన్ని (రీబౌండ్) ఆపే డ్యాంపింగ్‌ను సర్దే స్క్రూ ఉన్న ఖరీదైన బండ్లలో ప్రీలోడ్ పెంచితే ఆ రీబౌండ్ డ్యాంపింగ్ కూడా ఒకటి రెండు క్లిక్కులు పెంచాలి. నొక్కి ఉంచిన స్ప్రింగు వెనక్కి గట్టిగా తంతుంది. స్క్రూను పూర్తిగా బిగించి, అక్కడి నుంచి ఎన్ని క్లిక్కులు వదులు చేశారో రాసిపెట్టుకోవాలి.

వెనక దిగితే ముందు ఏమవుతుంది

బండి వెనక కుంగితే మొత్తం బండి వెనక్కి వాలుతుంది. ముందు ఫోర్కు మరింత పడుకుంటుంది, ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది. మలుపులో హ్యాండిల్ ఆలస్యంగా పలుకుతుంది, బండి బయటి అంచు వైపు జారుతున్నట్టు ఉంటుంది. సాలూరు దాటాక సుంకి వైపు ఘాట్‌లో, ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే దారిలో లోడుతో ఎక్కుతుంటే ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఎక్కుడు కూడా బరువును వెనక్కే నెడుతుంది కదా. దిగేటప్పుడు బ్రేకుకు ముందు భాగం కుంగుతుంది. వెనక రింగు ఐదులో ఉంచేసి ఒంటరిగా దిగితే తల మరీ ముందుకు వాలి హ్యాండిల్ చురుగ్గా, నిలకడ లేకుండా అనిపిస్తుంది. లోడు దింపాక రింగు కూడా దించాలనడానికి ఇదే కారణం.

పెద్దగా ఎవరూ పట్టించుకోని ఫలితం హెడ్‌లైట్‌ది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 1,240 మి.మీ. ఉన్న బండి వెనక 48 మి.మీ. దిగితే రెండు డిగ్రీలకు పైగా వాలుతుంది. 50 మీటర్ల దూరంలో వెలుగు దాదాపు 1.9 మీటర్లు పైకి లేస్తుంది. రోడ్డు మీద పడాల్సిన వెలుగు ఎదురొచ్చేవారి కళ్లలో పడుతుంది, ముందున్న గొయ్యి చీకట్లో ఉండిపోతుంది. 16వ నంబరు జాతీయ రహదారిని వదిలి నరసన్నపేట, టెక్కలి పక్క ఊళ్లకు వెళ్లే ఇరుకు రోడ్ల మీద రాత్రిపూట ఇది ప్రాణాల మీదకు తెచ్చే లోపం. రింగు మార్చిన ప్రతిసారీ, లోడు వేసుకుని, గోడకు ఎదురుగా నిలబెట్టి లైటు చూసుకోవాలి. వెలుగు ఎత్తు సర్దడానికి సాధారణంగా హెడ్‌లైట్ కింద ఒకే స్క్రూ ఉంటుంది.

చైన్ వదులు కూడా మారుతుంది. స్వింగ్ ఆర్మ్ పైకి లేచేకొద్దీ, ముందు పళ్ల చక్రం, ఆర్మ్ ఇరుసు, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చేదాకా చైన్ బిగుసుకుంటుంది. ఖాళీ బండి మీద బిగువుగా సర్దిన చైన్ లోడు పడగానే తీగలా లాగుతుంది, గేర్‌బాక్స్ బేరింగు మీద భారం వేస్తుంది. మాన్యువల్ చెప్పిన వదులు, సాధారణంగా 20 నుంచి 30 మి.మీ., తగ్గకుండా చూడాలి.

రింగు చాలనప్పుడు

రోజూ 80, 100 కిలోల లోడు మోసే బండికి గట్టి స్ప్రింగులే దారి. స్ప్రింగు బలం తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య ఒకటే ఉండి తీగ 7 నుంచి 7.5 మి.మీ. అయితే బలం 32 శాతం పెరుగుతుంది. కంటికి కనిపించని ఆ అర మిల్లీమీటరే అంత పని చేస్తుంది. కాబట్టి దుకాణంలో ‘హెవీ డ్యూటీ’ అనే స్టిక్కరు నమ్మకుండా పాతదీ కొత్తదీ మందం కొలిచే వెర్నియర్ పనిముట్టుతో కొలిచి, చుట్లు లెక్కపెట్టి కొనాలి. షాక్ కన్నుల మధ్య పొడవు పాతదానితో సమానంగా ఉండాలి. పొడవాటి షాక్ వేస్తే బండి ముందుకు వాలుతుంది, సైడ్ స్టాండ్ మీద మరీ పక్కకు ఒరుగుతుంది.

స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు దూర్చే పద్ధతి చవకైనదే. అయితే అది ఒకటి రెండు చుట్లను పని మాన్పిస్తుంది. ఆ భారం మిగతా చుట్ల మీద పడి, రబ్బరు ఆనిన చోట తుప్పు, పగులు మొదలవుతాయి. సీటు ఎత్తు తగ్గుతుందని స్ప్రింగు ఒక చుట్టు కోయించడం ఇంకా హానికరం. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, కదిలే చోటూ తగ్గుతుంది, కోసిన చివర ఆధారం మీద సరిగా కూర్చోదు. షాక్ నుంచి స్ప్రింగు విప్పడం దాన్ని నొక్కిపట్టే కంప్రెసర్ పనిముట్టు ఉన్నచోటే చేయించాలి, నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ఎముక విరుగుతుంది. గ్యాస్ నింపిన షాక్‌ల డబ్బాను విప్పకూడదు, వెల్డింగు మంట దగ్గరకు పోనివ్వకూడదు.

ముందు ఫోర్కుకు చాలా కమ్యూటర్ బండ్లలో రింగు ఉండదు. స్ప్రింగు పైన 5 నుంచి 10 మి.మీ. గొట్టపు ముక్క (స్పేసర్) వేసి ప్రీలోడ్ పెంచవచ్చు, ఫోర్కు రెండు కాళ్లకూ సమానంగా. ఆయిలు మట్టం పెంచితే పైనున్న గాలి జాగా తగ్గి, ఫోర్కు చివరి భాగంలో గట్టిపడుతుంది. బ్రేకు కొట్టగానే అడుగంటడం తగ్గుతుంది. కానీ మాన్యువల్ మట్టానికి 10 మి.మీ. మించితే గాలి ఒత్తిడికి సీళ్లు తన్నేస్తాయి.

ఉప్పుగాలి సంగతి

కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి తీర గ్రామాల్లో సస్పెన్షన్ ముందుగా పాడయ్యేది ఫోర్కు రాడ్ల దగ్గర. క్రోమ్ పూత మీద ఉప్పు నిలిచి సూదిమొనంత తుప్పు గుంటలు పడతాయి. ఆ గుంట సీలు పెదవిని ప్రతి కదలికకూ గీస్తుంది, ఆయిలు కారుతుంది. గుంట అలాగే ఉంచి కొత్త సీలు వేస్తే కొన్ని వారాల్లో అదీ పోతుంది. చిన్న గుంటను సన్నని నీటి ఎమెరీ కాగితంతో అడ్డంగా రుద్ది, అంచు వేలికి తగలకుండా చేస్తే సీలు నిలుస్తుంది. లోతైతే రాడ్డే మార్చాలి. వేటకు వెళ్లేవారి, చేపల బుట్టలు మోసేవారి బండ్లకు ఫోర్కు రాడ్ల మీద రబ్బరు తొడుగులు (బూట్లు) వేయడం, వారానికోసారి మంచినీళ్లతో రాడ్లు కడిగి పొడి గుడ్డతో తుడవడం ఈ ఖర్చును చాలావరకు వాయిదా వేస్తాయి. బూటు లోపల నీరు నిలిస్తే తుప్పు దాని చాటున పెరుగుతుంది కాబట్టి నెలకోసారి దాన్ని పైకి లేపి చూడాలి.